నా రచ్చ నాకుంది

కొన్ని పేర్లు తెలుగు చేద్దామని కూర్చుంటే ఓ పట్టాన లొంగవు. 'ఐవ్ గాట్ మై ఓన్ హెల్ టు రెయిజ్' అని ఒక పాటల ఆల్బం పేరు. మాటకు మాట పెట్టుకుంటూ పోతే "లేపడానికి నా నరకం నాకుంది" అని తేలుతుంది. వినేవాడు ఇదేదో గరుడపురాణం కాబోలనుకుని లేచి కాళ్లు కడుక్కుంటాడు. ఇంగ్లీషువాడు నరకం లేపాడంటే మనవాడు ఇల్లు పీకి పందిరేశాడన్నమాట. అంచేత నా మట్టుకు నేను దానికి "నా రచ్చ నాకుంది" అని పేరు పెట్టేసుకున్నాను.

పాడినావిడ బెట్టీ లవెట్. అమెరికా నల్లవారి సోల్ సంగీతంలో పాత కాపు. ఆల్బం 2005 సెప్టెంబరులో వచ్చింది. అప్పటికి ఆవిడకు 59 ఏళ్లు. మన దగ్గరైతే ఆ వయసుకి శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి, మెల్లిగా మెట్లు దింపేస్తారు.

సోల్ గాయకుల్లో చాలామంది చర్చిలో పాడి పైకొచ్చినవాళ్లు. దేవుడి కోసం పెట్టే కేకను మనిషి కోసం పెడితే అదే సోల్ పాట అని నా మోటు నిర్వచనం. ఈవిడ కథ అది కాదు. 1946లో మిషిగన్ రాష్ట్రంలోని మస్కీగన్లో పుట్టింది. అమ్మానాన్నా ఇంట్లోనే నాటుసారా అమ్మేవారు. వచ్చినవాళ్లకి కాలక్షేపంగా ముందుగదిలో ఒక జూక్‌బాక్సు వుండేది. పాట అక్కడ పట్టుబడింది. డెట్రాయిట్‌కి మారాక, 1962లో, పదహారేళ్ల వయసులో మొదటి రికార్డు ఇస్తే అది నల్లవారి పాటల పట్టీలో ఏడో స్థానానికి ఎక్కి కూర్చుంది. ఇంకేం, పిల్ల దశ తిరిగిందనుకున్నారంతా.

తిరిగింది గాని, వెనక్కి తిరిగింది.

1972లో అట్లాంటిక్ కంపెనీ ఆవిణ్ణి అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్‌కి పంపి ఒక పూర్తి ఆల్బం పాడించింది. ఆ రోజుల్లో సోల్ పాటకి ఆ చోటు కాశీ లాంటిది. పాటలన్నీ పూర్తయ్యాయి. 'చైల్డ్ ఆఫ్ ది సెవెంటీస్' అని పేరు కూడా ఖాయమైంది. తీరా విడుదల చేసే వేళకి కంపెనీవారు ఆపేశారు. ఎందుకు ఆపినట్టో ఆవిడకి నచ్చజెప్పిన నాథుడు లేడు. ఆ కబురు విన్నాక భోజనాల బల్ల కిందికి దూరి రోజుల తరబడి బయటికి రాలేదని ఆవిడే తర్వాత చెప్పుకుంది. బల్ల మీద కూచుని ఏడ్చేవాళ్లని చూశాం గాని, బల్ల కింద చోటు వెతుక్కున్న దుఃఖం ఎంతటిదో నేను ఊహించగలను.

ఆ తర్వాత ఆవిడ ఖాళీగా ఏం కూర్చోలేదు. 'బబ్లింగ్ బ్రౌన్ షుగర్' అనే సంగీత నాటకంలో వేషం కట్టి ఊళ్లు తిరిగింది. డెట్రాయిట్‌లో చిన్న చిన్న క్లబ్బుల్లో పాడింది. చిత్రమేమంటే, సొంతూళ్లోనే వెలిగిన మోటౌన్ కంపెనీ ఆవిణ్ణి పిలిచేసరికి అది ఊరు ఖాళీ చేసి లాస్ ఏంజెలెస్ చేరి ఏళ్లయింది. ఆ ఆల్బం నాష్‌విల్‌లో పాడింది, 1982లో వచ్చింది. మొదటి రికార్డు తర్వాత మొదటి ఆల్బం బయటపడ్డానికి ఇరవై ఏళ్లు! అదీ ఎక్కువమంది చెవిన పడలేదు.

అటకెక్కిన ఆ 1972 పాటలు 2000లో ఫ్రాన్సులో వెలుగు చూశాయి. రికార్డులు పోగుచేసే ఒకాయన పుణ్యమా అని 'సూవెనీర్స్' పేరుతో అచ్చయ్యాయి. అప్పుడు గాని "ఈవిడ ఇంకా పాడుతోందా?" అని అడిగేవాళ్లు బయల్దేరలేదు.

అలా అడిగి కదిలినదాని ఫలితమే ఈ రచ్చ. జో హెన్రీ దీని నిర్మాత. 2002లో ముసలి సోలమన్ బర్క్ చేత కొత్తగా పాడించి మెప్పు పొందిన మనిషి. ఈసారి పాటలన్నీ ఆడవాళ్లు రాసినవే ఎంచుకున్నారు. మొదటి పాట షినేడ్ ఓకానర్‌ది. "నా దగ్గర లేనిది నాకక్కర్లేదు" అని దాని భావం. వెనక వాయిద్యమంటూ ఒక్కటి లేదు. ఓకానర్ కూడా 1990లో అలాగే పాడింది. అప్పుడామెకి 23 ఏళ్లు, లోకమంతా గుమ్మంలో నిలబడి వుంది. అదే మాట, ఏదీ దక్కని 59 ఏళ్ల మనిషి నోట వింటే నాకు వెన్ను జలదరించింది. అది వైరాగ్యమా, పంతమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. పంతమనే నా మొగ్గు.

ఆల్బం పేరు కూడా ఫియోనా ఆపిల్ అనే అమ్మాయి 1996లో పాడిన పాటలోంచి తీసుకున్నదే. ఆ పిల్లకి అప్పటికి ఇరవయ్యేళ్లు లేవు. మనవరాలి కోకలాంటిది అమ్మమ్మకి సరిపోయింది, అంతే కాదు, అమ్మమ్మకే నప్పింది. లూసిండా విలియమ్స్ పాట ఒకటుంది, పోగొట్టుకున్న సంతోషాన్ని ఊరూరా వెతుక్కోవడం. అందులోని ఊళ్ల పేర్లు తీసేసి బెట్టీ తన ఊళ్లు పెట్టుకుంది. డెట్రాయిట్‌లో వెతుకుతుంది, మజిల్ షోల్స్‌లో వెతుకుతుంది. ఆ రెండో పేరు దగ్గర గొంతు గరగర లాడుతుంది చూడండి, ముప్ఫైమూడేళ్ల లెక్క అక్కడ తేల్చుకుంటున్నట్టుంటుంది.

మన సినిమా పాటకి గొంతు ముసలవడానికి వీల్లేదు. తెర మీద నాయికకి ఎప్పుడూ పద్దెనిమిదే గనక, పాడే ఆవిడకి అరవై దాటినా గొంతులో ఆ పద్దెనిమిదీ పలకాలి. దాన్ని నేను తప్పుపట్టను, అదొక విద్య. కానీ వయసుని దాచని గొంతు వినడం మనకి అలవాటు తప్పింది. బెట్టీ గొంతులో పగుళ్లున్నాయి, ఆయాసం వుంది. ఒక్కోచోట మాట పాటగా మారకుండా మాటగానే నిలబడిపోతుంది. ఏదీ తుడిచెయ్యలేదు.

ఇది విన్న ఒక మిత్రుడు, "ఆలస్యమైతేనేం, ఆ కష్టాలే గొంతుని పండించాయి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ 1972 పాటలూ విన్నాను నేను. 26 ఏళ్లకే ఆ గొంతు పండే వుంది. వినిపించకుండా చేసినవాళ్లకి కష్టాల పేరుతో కితాబిస్తే ఎలా?

2007లో ఆవిడ మళ్లీ మజిల్ షోల్స్ వెళ్లింది. 1972లో ఆవిడ పాటలకి బేస్ గిటారు వాయించిన డేవిడ్ హుడ్ కొడుకు ప్యాటర్సన్, అప్పట్లో ఎనిమిదేళ్లవాడు, ఇప్పుడు తన బృందంతో ఆవిడ వెనక వాయించాడు. ఆవిడ పాట రాయడంలో చెయ్యి కలిపింది కూడా ఆ ఆల్బంలోనే, ప్యాటర్సన్‌తో కలిసి. పాట పేరు, డబ్బు రాకముందు. ఆల్బం పేరు మాత్రం ఇంకా ఘాటు, 'ది సీన్ ఆఫ్ ది క్రైమ్'. నేరం జరిగిన చోటు. దీన్ని తెలుగు చెయ్యడానికి నాకేమీ ఇబ్బంది కలగలేదు.