పక్షవాతం తరువాత పోషణ: పథ్యం పస్తు కాకూడదు

పక్షవాతం వచ్చిన పెద్దవారు ఆస్పత్రి నుంచి ఇంటికి చేరాక కుటుంబసభ్యులు రక్తపుపోటు చూస్తారు, చక్కెర చూస్తారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. బరువు మాత్రం చూడరు. బంజారా హిల్స్‌లో ఇరుగుపొరుగువారిని పలకరించడానికి వెళ్ళినప్పుడు నేను తరచు గమనించే విషయమిది. వంటమనిషి, సహాయకురాలు ఉన్న ఇళ్ళలోనూ పెద్దవారు చిక్కిపోతుంటారు. పోషకాహారలోపం బీదవారికే పరిమితమైన సమస్య కాదు.

కారణాలు పలు విధాలు. మ్రింగుట కష్టమై, నీళ్ళు, మజ్జిగ వంటి పలుచని ద్రవాలకు పొలమారి, భయంతో కొందరు త్రాగడమే తగ్గిస్తారు. కుడిచేయి పడిపోయినవారు ఎడమచేతితో తినడానికి నామోషీ పడి ‘ఆకలి లేదు’ అంటారు. మానసికమైన క్రుంగుబాటు ఆకలిని చంపుతుంది. మరికొందరిలో ఎడమవైపున్నవాటిని మెదడు గుర్తించదు. “అత్తయ్యగారు రోజూ సగం అన్నం వదిలేస్తున్నారండీ, చెప్తే వినరు” అని ఒక కోడలు నాతో వాపోయింది. కంచం అటుదిటు త్రిప్పి పెట్టమన్నాను. ఆవిడ మిగిలిన సగం కూడా తిన్నారు.

వీటికి పథ్యం తోడవుతుంది. ఉప్పు తగ్గించమని వైద్యుడు చెబితే పప్పు, పెరుగు, గ్రుడ్డు కూడా మానిపించేవారున్నారు. చివరకు చారన్నమే మిగులుతుంది. మాంసకృత్తులు చాలక కండరాలు క్షీణిస్తాయి. వ్యాయామం చేయించినా బలం చేకూరదు. పడక పుండ్లు, అంటువ్యాధులు పొంచి ఉంటాయి.

పలుదేశాలలో దాదాపు మూడువేలమంది రోగులను పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, పక్షవాతంతో ఆస్పత్రిలో చేరేనాటికే పోషణ లోపించినవారిలో 37 శాతం, పోషణ సరిగా ఉన్నవారిలో 20 శాతం సుమారు ఆరునెలల తరువాత చూసేసరికి మరణించారు. వయస్సు, ఇతర అంశాలను లెక్కలోనికి తీసుకున్నా ఆ తేడా నిలిచింది.

ఈ లోపాన్ని ముందే పసిగట్టడానికి ‘మినీ న్యూట్రిషనల్ అసెస్‌మెంట్’ సంక్షిప్త పత్రం ఉపకరిస్తుంది. అందులో ఆరు అంశాలుంటాయి.

1. మూడునెలలలో తిండి తగ్గిందా?
2. ఆ కాలంలో బరువు తగ్గిందా?
3. లేచి తిరుగగలరా?
4. మూడునెలలలో తీవ్రమైన జబ్బు గాని, మానసికాఘాతం గాని కలిగిందా?
5. మతిమరపు, క్రుంగుబాటు ఉన్నాయా?
6. ఎత్తుకు తగిన బరువు ఉందా? తూచడం వీలుకాకపోతే పిక్క చుట్టుకొలత 31 సెంటీమీటర్లకు తగ్గిందా?

మొత్తం 14 మార్కులు. 12, ఆపైన వస్తే పోషణ బాగున్నట్లు. 8 నుంచి 11 వరకు ప్రమాదపు అంచు. 7, అంతకు తక్కువైతే పోషణ లోపించినట్లే. ఇటీవల పక్షవాతం వచ్చి మంచం పట్టినవారికి 3, 4 అంశాలలో నాలుగు మార్కులు ముందే పోతాయి. అందుచేత వారెవ్వరినీ ‘బాగానే ఉన్నారు’ అని వదలివేయరాదు.

మీ ఇంట అటువంటివారుంటే నెలకొకసారి బరువు చూసి పుస్తకంలో వ్రాయండి. నెలలో 5 శాతం గాని, ఆరునెలలలో 10 శాతం గాని తగ్గితే వెంటనే వైద్యుని సంప్రదించండి. తినేటప్పుడు దగ్గు, గొంతులో గురగుర ఉంటే మ్రింగుటను పరీక్షింపజేయండి. నిటారుగా కూర్చోబెట్టి తినిపించి, అరగంట వరకు పడుకోనీయకండి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి మాంసకృత్తుల మోతాదును వైద్యులు నిర్ణయించాలి. మిగిలినవారి విషయంలో, పథ్యం పేరిట ఏదైనా మానిపించే ముందు దాని బదులు ఏమి పెట్టాలో కూడా వైద్యుని అడగండి.