బంకనేల మీది పచ్చిక

పెరడు పచ్చగా నుండవలెనని కోరని గృహిణి యుండదు. కాని విశాఖపట్టణమున ఆ కోరిక తీరుట యంత సులభము కాదు. ఇచ్చటి కొండలలో పెక్కు ఖొండలైటు అను రాతివి. తూర్పుకనుమలలోని ఖోండు జాతివారిని బట్టి ఆ రాతికి ఆ పేరు వచ్చినది. ఆ రాయి యెండకు వానకు చివికి యెఱ్ఱమన్నగును. ఆ మన్ను కొన్ని తావుల నిసుకతో కలసి గుల్లగా నుండును. కొన్ని తావుల వట్టి బంకయై యుండును. గాజువాకలోని మా పెరడు రెండవ జాతిది. వానకాలమున అడుగు వేసినచో చెప్పు నేలలోనే నిలిచిపోవును. వేసవిలో గునపము వేసినను ఖంగుమనును. గరికయైనను అందు తిన్నగా ప్రాకదు.

మా అత్తగారికి డెబ్బదియెనిమిదేండ్లు. ఉదయము తులసికోట చుట్టు మూడు ప్రదక్షిణములు, సాయంకాలము మామిడిచెట్టు క్రింద కుర్చీ, ఆమెకు మిగిలిన బయటి లోకమింతే. 2014 అక్టోబరు 12వ తేదీని వచ్చిన హుద్‌హుద్ తుపానుకు వీధిలోని చెట్లెన్నియో కూలగా, ఆ మామిడి యొక్కటి నిలిచినది. మూడేండ్ల క్రిందట కార్తికమాసమున ఆమె ఆ బురదలో జారి తుంటి యెముక విఱుగగొట్టుకొన్నారు. శస్త్రచికిత్స యైనది, చేతికఱ్ఱ వచ్చినది. మఱల పడినచో లేచుట కష్టమని వైద్యులు మెల్లగా చెప్పిరి.

నేను మా అమ్మాయి పురిటికి హైదరాబాదు పోయియున్న దినములలో, మా మరది తల్లి యందలి ప్రేమచే నొక గుత్తేదారును పిలిపించి పెరడంతయు ప్లాస్టికు పచ్చిక పఱపించెను. వచ్చి చూతును గదా, కన్నులకు చల్లగానే యున్నది. అత్తగారు మాత్రము, "మట్టి తగలని ప్రదక్షిణమేమిటే అమ్మాయ్?" అనిరి.

ఈ పచ్చిక పుట్టుక విచిత్రమైనది. అమెరికాలోని హ్యూస్టను నగరమున పైకప్పు గల పెద్ద యాటస్థలమొకటి కట్టిరి. పారదర్శకమైన యా కప్పు నుండి వచ్చు వెలుగు ఆటగాండ్ర కన్నులను మిఱుమిట్లు గొల్పుచున్నదని దానికి రంగు పూయగా, లోపలి గడ్డి వెలుగు లేక చచ్చినది. 1966లో దాని స్థానమున నైలాను పచ్చిక పఱచిరి. 1976లో మాంట్రియలు ఒలింపిక్సునందు హాకీ మొదటిసారి యిట్టి పచ్చికపై జరిగినది; 1928 మొదలు ప్రతి పర్యాయమును పతకము తెచ్చిన మనవారు ఆ యేట ఏడవ స్థానమున నిలిచిరి. అట్టి యాటస్థలములలో పచ్చిక క్రింద నీరు పోవుటకు పొరలు పొరలుగా నేర్పాటు చేయుదురు. మా యింటికి పైపొర వచ్చినది గాని, క్రింది పొరలు రాలేదు.

జూను చివర వానలు పట్టినవి. గుత్తేదారు బంకమన్నుపై నంగుళము మందమున ఇసుక చల్లి దానిపై చాప పఱచియుండెను. బంకమన్ను రేణువులు మిల్లీమీటరులో అయిదువందలవ వంతు కన్నను చిన్నవి. వాని నడుమ నీరు దిగుటకు సందుండదు. చాపకు రంధ్రములున్నవి, ఆ నీరు పోవుటకు చోటేది? ఇసుక బంకలో కలసిపోయినది. నడచినచోటెల్ల చాప బెలుకుచు నీరు పైకి చిమ్మెను. అతుకులు విడినవి, వాసన పుట్టినది, దోమలు ముసరినవి. అన్నిటికన్న భయంకరమేమనగా, చాప ముడుతలు పడి యొకనాడు అత్తగారి కఱ్ఱ అందు చిక్కుకొన్నది. ప్రక్కన నేనుంటిని గనుక పట్టుకొంటిని. గుత్తేదారు మాత్రము పచ్చికయందు లోపము లేదనియు, లోపము నేలదనియు సెలవిచ్చెను!

మేము చాప చుట్టి మేడపై పెట్టి, సంక్రాంతి దాటువఱకు ఆగితిమి. తడి బంకను దిమ్మిసతో మొత్తినకొలది మెత్తనగునే గాని గట్టిపడదు. పిమ్మట నొక ముసలి మేస్త్రి వచ్చెను. "నీరు ఎటు పోతాదో సూడకుండా పైన సాప పరిస్తే ఏటవుతాదమ్మా?" అని, ముందుగా మోకాలిలోతు గొయ్యి తీసి సాయంకాలము నీటితో నింపించెను. తెల్లవాఱి చూడగా నాలుగు వ్రేళ్ళ మేర మాత్రమే తగ్గినది. నీరు క్రిందికి దిగదు, ప్రక్కకు నడపవలసినదే.

నాలుగంగుళముల మన్ను తీయించి, ఇంటి గోడనుండి వీధివైపునకు పదియడుగులకు అంగుళమున్నర వాలు వచ్చునట్లు నేలను నీటిగొట్టముతో సరిచూచెను. దానిపై జియోటెక్స్‌టైల్ అను గుడ్డ పఱచిరి. ఇది నీటిని పోనిచ్చును గాని, మన్నును పైకి రానీయదు, కంకరను దిగనీయదు. గుడ్డకు బదులు ప్లాస్టికు పట్టా చాలునని మా మరది యనెను గాని, మేస్త్రి యొప్పుకొనలేదు. ఆపైన మూడంగుళముల కంకర, ఒక యంగుళము సన్నరాతిచిప్స్ వేసి, పొరపొరకు తడిపి దిమ్మిస వేసిరి. దిగువగోడ వెంట కాలువ త్రవ్వి, రంధ్రముల గొట్టము పెట్టి, కంకరతో కప్పి వీధికాలువకు కలిపిరి. చాపను ఎండలో నొకపూట పఱచియుంచిన ముడుతలు పోయినవి. పోగులన్నియు నొకవైపునకే వాలునట్లు ముక్కలను చేర్చి, అడుగున పట్టీ వేసి, జిగురుతో నతికిరి. సముద్రపు గాలికి త్రుప్పు పట్టనట్టి స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు కావలెనని నేను పట్టుబట్టితిని. పైన చల్లుటకు కడలియొడ్డు ఇసుక తెచ్చెదమని కూలీలనిరి. ఉప్పుటిసుక వలదని కడిగిన సిలికా యిసుకయే తెప్పించితిని. వ్యయము మొదటిదానికి మించినది. మరదికి నేనేమియు అనలేదు, ఆతడును అడుగలేదు.

తులసికోట చుట్టు పచ్చిక వేయనీయలేదు. కాలు జాఱని గరుకు రాతిపలకలు పఱచి, గోడకొక యినుపకమ్మి బిగించితిమి. ముగ్గు కొఱకు గుమ్మము ముందరి నేలయు, మామిడి మొదట మూడడుగుల మేరయు మట్టిగానే యుంచితిమి. వేళ్ళకు నీరు, గాలి కావలెను గదా.

దీనితో పనులు తీఱవు. నడివేసవిలో నీ పచ్చిక వేడి అరువది డిగ్రీలు దాటగలదు. పసిపిల్లలను పగలు దానిపై వదలరాదు. రేవుపట్టణపు నల్లదుమ్ము పోగులలో నిలుచును గనుక వారమున కొకమారు కడిగి, గట్టి చీపురుతో పోగులను లేవనెత్తవలెను. ఎక్కడనైన గుంటపడినచో ఆ మేర అతుకు విప్పి, చిప్స్ నింపి, మొత్తి, మఱల నతికిన చాలును. అందుకే మిగిలిన ముక్కలను పాఱవేయక, ఎండ తగులనిచోట చుట్టి యుంచితిని. క్రొత్తముక్క కొన్నచో రంగు కలియదు.