నాన్నకి సబ్‌టైటిల్స్

“ఏరా, ఆయన తిరిగొస్తాడా?”

సినిమా మధ్యలో నాన్న నా చెవి దగ్గరికి వంగి అడిగిన ప్రశ్న ఇది. 2024 డిసెంబరు 13 రాత్రి, తిరువనంతపురంలోని నిశాగంధి ఆడిటోరియం. తెర మీద బ్రెజిల్ సినిమా ‘ఐయామ్ స్టిల్ హియర్’ నడుస్తోంది. సైనిక పాలన రోజుల్లో, 1971లో, కొందరు ఇంటికొచ్చి ఒక తండ్రిని విచారణ పేరుతో తీసుకెళ్తారు. ఆ తర్వాత ఆ ఇల్లాలూ పిల్లలూ ఎలా బతికారన్నదే కథ. మాటలన్నీ పోర్చుగీసు. కింద ఇంగ్లిష్‌లో సబ్‌టైటిల్స్.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంగ్లిష్ అక్షరాలు వచ్చు. బస్సు బోర్డులు, ఆఫీసు కాగితాలు కూడబలుక్కుని చదువుతారు. కానీ ఇక్కడ లైను పూర్తయ్యేలోపే మాయమైపోతోంది. “బోర్డయితే నిలబడి ఉంటుంది. ఇవి నిలబడట్లేదురా” అన్నారు. నేను గుసగుసగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. నేను నోరు మూసుకున్నాను. నాన్న కూడా మళ్లీ ఏమీ అడగలేదు.

ఆయన్ని అంత దూరం తీసుకొచ్చింది నేనే. ఎందుకు తీసుకొచ్చానో చెప్పాలంటే ఆరేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఇంజినీరింగ్ అయ్యాక నాకు ఉద్యోగమిచ్చిన కంపెనీ ట్రైనింగ్ కోసం తిరువనంతపురం పంపింది. 2018 చివరి నెలలు. మా బ్యాచ్‌లో సగం మంది మనవాళ్లే కాబట్టి మలయాళం నేర్చుకునే అవసరం రాలేదు. పొద్దున జావా, సాయంత్రం పీజీ, ఆదివారం బీచ్. నవంబరులో ఒక మలయాళీ బ్యాచ్‌మేట్ “డిసెంబర్ సెవెన్ నుంచి ఫెస్టివల్. పాస్ తీసుకుంటావా?” అని అడిగాడు. ఎంత అంటే రెండు వేలన్నాడు. సినిమాకి రెండు వేలా అని నవ్వాను.

ఆ ఏడాది ఆగస్టులో కేరళను వరదలు ముంచేశాయి. ప్రభుత్వం ముందు ఉత్సవాలన్నీ రద్దన్నది. తర్వాత, ప్రభుత్వ ఖజానా మీద భారం పడకుండా చేసుకోగలిగితే చేసుకోమంది. అందుకని ఆర్భాటాలు తగ్గించి, డెలిగేట్ ఫీజు 2000 రూపాయలకు పెంచారు. “ఈసారి మేం కట్టకపోతే ఫెస్టివల్ ఉండదు” అన్నాడు వాడు. పెళ్లి ఖర్చుకు చందా వేసుకుంటున్నట్టు చెప్పాడు. ఆ మాట నాకు కొత్తగా అనిపించింది. సినిమా ఆడకపోతే నష్టం నిర్మాతదనే నాకు తెలుసు. ప్రేక్షకుడిది కూడా అని ఎవరూ చెప్పలేదు.

కట్టాను. మెడలో ట్యాగ్ వేసుకుని టాగోర్ థియేటర్ ముందు క్యూలో నిలబడ్డాను. నా ముందు లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన చేతిలో షెడ్యూల్ పుస్తకం. దాంట్లో పెన్నుతో టిక్కులు. ఏ సినిమా ఎవరు తీశారు, ముందు ఏం తీశారు అన్నీ చెప్తున్నాడు. ఏం చేస్తుంటారని అడిగాను. స్కూల్లో గుమస్తాగా చేసి రిటైరయ్యాడట. ఏటా సెలవు పెట్టి వచ్చేవాడట.

లోపల లైట్లు ఆరాయి. దర్శకుడి పేరు పడగానే హాలంతా చప్పట్లు! నేను ఉలిక్కిపడ్డాను. మా ఊళ్లో హీరో పేరు పడితే కాగితాలు ఎగరేసేవాళ్లం. ఇక్కడ ఎక్కడో దూరదేశంలో ఉన్న, ముఖం కూడా తెలియని డైరెక్టర్‌కి చప్పట్లు. ఆ ఊపు మాత్రం నాకు తెలిసినదే. అది ఫస్ట్ డే ఫస్ట్ షో ఊపు. మనుషులు మారలేదు, ఎవరి కోసం అరవాలన్నదే మారింది.

కిమ్ కి డుక్ కథ కూడా ఆ క్యూలోనే విన్నాను. ఆయన కొరియా దర్శకుడు. 2013లో ఈ ఫెస్టివల్‌కి వస్తే జనం స్టార్‌ను చుట్టుముట్టినట్టు చుట్టుముట్టారట. సొంత దేశంలో కంటే ఇక్కడే ఆయనకి అభిమానులు ఎక్కువని వీళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఇదెలా సాధ్యం అన్నది నా బుర్రలో అప్పుడే నాటుకుంది.

తర్వాత కూర్చుని చదివాను. ఐఎఫ్‌ఎఫ్‌కే మొదటిసారి జరిగింది 1996లో, కోజికోడ్‌లో. అప్పుడు నడిపింది రాష్ట్ర ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్. 1998లో సినిమా కోసమే ప్రత్యేకంగా కేరళ రాష్ట్ర చలచిత్ర అకాడమీ పెట్టారు. దర్శకుడు షాజీ ఎన్. కరుణ్ దాని మొదటి ఛైర్మన్. తర్వాత ఫెస్టివల్ బాధ్యత ఆ అకాడమీకి వచ్చింది, తిరువనంతపురం దాని ఇల్లయింది. పోటీ విభాగం ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా సినిమాలకే. హాలీవుడ్‌తో, యూరప్‌తో పరుగు పందెం పెట్టుకోకుండా, మనలాంటి దేశాల కథలకి పెద్దపీట వేశారు. పెద్ద బహుమతి పేరు సువర్ణ చకోరం, 20 లక్షల రూపాయలు. 2025లో 30వ ఫెస్టివల్ జరిగింది. 200కి పైగా సినిమాలు, వేల మంది డెలిగేట్లు.

అంకెలు చూస్తే ఇదేదో ప్రభుత్వం పెంచిన చెట్టనిపిస్తుంది. కానీ విత్తనం వేరే వాళ్లు నాటారు. అదూర్ గోపాలకృష్ణన్, కుళత్తూర్ భాస్కరన్ నాయర్ లాంటివాళ్లు 1965లోనే చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. తర్వాత ఊరూరా సొసైటీలు వచ్చాయి. జాన్ అబ్రహాం అనే దర్శకుడూ, ఆయన మిత్రులూ ఒడెస్సా పేరుతో సంఘం కట్టి, జనం దగ్గర చందాలు పోగుచేసి 1986లో ‘అమ్మ అరియాన్’ అనే సినిమానే తీసేశారు. అంటే ఫెస్టివల్ వచ్చేనాటికి చూసేవాళ్లు మూడు దశాబ్దాలుగా తయారవుతూ ఉన్నారు. నేను క్యూలో చూసిన ఆ పెద్దాయన ఒక్క రోజులో తయారవలేదు.

ట్రైనింగ్ అయ్యాక నాకు హైదరాబాద్‌లో పోస్టింగ్ వచ్చింది. తర్వాత ఆ ఫెస్టివల్‌ని ఫోన్లోనే చూస్తూ వచ్చాను. కోవిడ్ వల్ల 2020 డిసెంబరులో జరగలేదు. 2021 ఫిబ్రవరిలో నాలుగు ఊళ్లకి పంచి పెట్టారు: తిరువనంతపురం, కొచ్చి, తలశ్శేరి, పాలక్కాడ్. 2022 డిసెంబరులో ఇరాన్ దర్శకురాలు మహనాజ్ మొహమ్మదికి ‘స్పిరిట్ ఆఫ్ సినిమా’ అవార్డు ఇచ్చారు. ఆమె దేశం దాటి రాలేని పరిస్థితి. తన జుట్టు కత్తిరించి, ఆ పాయని గ్రీకు దర్శకురాలు అథినా రాచెల్ సంగారి చేతికిచ్చి పంపింది. వేదిక మీద ఆ పాయని ఎత్తి చూపిస్తున్న వీడియోని నేను మెట్రోలో నిలబడి చూశాను. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

పెరగడంలో ఇబ్బందులూ ఉన్నాయి. అదే 2022లో మమ్ముట్టి నటించిన ‘నన్‌పకల్ నేరత్తు మయక్కం’ ప్రీమియర్ దగ్గర సీటు దొరకని డెలిగేట్లు గట్టిగా నిరసన తెలిపారు. 2025లో అయితే 19 సినిమాలకి కేంద్రం నుంచి ముందు అనుమతి రాలేదు. ఆ జాబితాలో 1925లో తీసిన ‘బ్యాటిల్‌షిప్ పొటెమ్‌కిన్’ కూడా ఉంది. వందేళ్ల సినిమా! జనం రోడ్డు మీద ప్లకార్డులు పట్టుకున్నారు. ఆ ఫొటోలు చూసి నాకు 2018 నాటి “మేం కట్టకపోతే” అన్న మాటే గుర్తొచ్చింది. సొంతమనుకున్నవాడే గొడవపడతాడు.

మళ్లీ నాన్న దగ్గరికొస్తాను. రిటైరయ్యాక ఆయన రోజంతా ఫోన్లో రీల్స్ చూస్తూ కూర్చునేవారు. ఒకప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని నరసరావుపేటలో సెకండ్ షోలకి తీసుకెళ్లిన మనిషి. “అవార్డు సినిమాలంటే నిద్రమాత్రలు” అనేవారు. అమ్మ పోయాక సినిమా హాలుకి వెళ్లడమే మానేశారు. ‘ఈయన్ని ఒక్కసారి ఆ క్యూలో నిలబెట్టాలి’ అనుకున్నాను. 2024లో ఇద్దరికీ పాస్‌లు తీశాను. జీఎస్టీతో కలిపి ఒక్కొక్కటి 1180.

ప్రారంభోత్సవంలో షబానా ఆజ్మీని సత్కరించారు. సినిమాల్లోకి వచ్చి ఆమెకి 50 ఏళ్లు. మొదటి సినిమా ‘అంకుర్’ తెలంగాణ పల్లె కథ, శ్యామ్ బెనెగల్ ఇక్కడే తీశారు. ఆ సంగతి చెప్తే నాన్న “మన దగ్గర తీశారా? మరి మనకెందుకు తెలీదు?” అన్నారు. జవాబు చెప్పేలోపు సినిమా మొదలైంది. ఆ తర్వాత ఏమైందో మీకు ముందే చెప్పాను.

విచిత్రమేంటంటే, నాన్నకి ఫెస్టివల్ నచ్చింది. సినిమాలు కాదు, క్యూలు. రిజర్వేషన్ ఉన్నవాళ్ల లైను, లేనివాళ్ల లైను, లోపల ఎన్ని ఖాళీలు మిగిలాయో చూసి బయటవాళ్లని వదలడం. “ఇది మా బస్టాండ్ డ్యూటీయే” అని గంటసేపు నిలబడి చూశారు. నేను సినిమా చూసి వచ్చేసరికి టీ కొట్టు దగ్గర ఎవరితోనో విరగబడి మాట్లాడుతున్నారు. ఆయనకి మలయాళం రాదు, అవతలాయనకి తెలుగు రాదు. ఇద్దరికీ వచ్చిన ముక్కల తమిళంలో కానిచ్చేశారు. ఆయన కేరళ ఆర్టీసీ డ్రైవరట.

రైల్లో తిరిగొచ్చేటప్పుడు నాన్న అన్నారు: “బాగానే ఉందిరా. కానీ అది చదువుకున్నోళ్ల పండగ. నాబోటోడికి గేటు దాకే.”

నాకు గట్టిగా తగిలింది. అక్కడ భాష రాకపోయినా ఇబ్బంది లేదని, సబ్‌టైటిల్స్ అందరినీ సమానం చేస్తాయని ఆరేళ్లుగా అందరికీ చెప్తూ వచ్చాను. ఆ సమానత్వం ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు మాత్రమే. మా నాన్న టికెట్ కొన్నా ఆయన సీటు లోపల లేదు.

మలయాళీలకి ఈ గోడ ముందే కనిపించింది. 2012 నుంచి ఎంసోన్ అనే బృందం ప్రపంచ సినిమాలకి మలయాళం సబ్‌టైటిల్స్ రాస్తోంది. రాసేవాళ్లు జీతం లేని మామూలు సినిమా పిచ్చోళ్లే. ఇది తెలిశాక నాన్న అడిగిన ప్రశ్నకి సగం జవాబు దొరికింది. మన దగ్గర ఫెస్టివల్స్ లేక కాదు. 1986లో ఫిల్మోత్సవ్ హైదరాబాద్‌లో జరిగింది. గోల్డెన్ ఎలిఫెంట్ అని పిల్లల అంతర్జాతీయ చిత్రోత్సవానికి హైదరాబాద్ ఏళ్ల తరబడి ఇల్లుగా ఉంది. 2017 నవంబరులో దాని 20వ ఎడిషన్ ఇక్కడే జరిగింది. దాన్ని నడిపిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీని 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. అప్పుడు హైదరాబాద్‌లో ఎవరైనా రోడ్డెక్కారా? నేనైతే ఎక్కలేదు. అసలు గమనించనేలేదు. ఫెస్టివల్ వస్తుంది, పోతుంది. అది నాది అనుకునేవాళ్లు ఉంటేనే నిలుస్తుంది.

నాకు సొసైటీ పెట్టే ఓపిక లేదు. కోడ్ రాసే చేతులున్నాయి. సబ్‌టైటిల్ ఫైలంటే ఏముంది? ఒక నంబరు, మొదలయ్యే టైము, ముగిసే టైము, కింద మాట. 2018లో ఐఎఫ్‌ఎఫ్‌కే జ్యూరీకి అధ్యక్షత వహించిన మాజిద్ మజీదీ సినిమా ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ తీసుకున్నాను. రోజూ రాత్రి గంటసేపు కూర్చుంటే మూడు వారాలు పట్టింది. టైమింగ్ సులువే, మాటలే కష్టం. ఆ పిల్లాడు నాన్నని ‘మీరు’ అనాలా, ‘నువ్వు’ అనాలా? దాని కోసమే ఒక సాయంత్రం పోయింది. చివరికి మా ఇంట్లో ఎలా అంటామో అలాగే రాశాను. అక్షరాలు పెద్దవి చేశాను. నాన్న చదివే వేగానికి సరిపోయేలా ప్రతి లైనూ సగానికి కుదించాను.

ఊరెళ్లి టీవీకి ల్యాప్‌టాప్ తగిలించాను. మొదటి పది నిమిషాలు నాన్న పెదాలు కదుపుతూ చదివారు. తర్వాత పెదాలు ఆగిపోయాయి. అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒకటే బూట్ల జత. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు వేసుకుని బడికి పరిగెడతారు. “మా అక్కకీ నాకూ ఒకటే పలక” అన్నారు తెర మీద నుంచి కళ్లు తీయకుండానే. ఆ సంగతి నాకు ఇరవై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

చివర్లో పరుగు పందెం. మూడో బహుమతి బూట్లు. వాడికి కావాల్సింది మూడో స్థానమే, మొదటిది కాదు. నాన్న కుర్చీ అంచుకి వచ్చేశారు. “మూడోది రా! ఆగరా, మూడోది!” అని అరుస్తున్నారు. పక్కింటి పిల్లలు ఏమైందోనని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

సినిమా అయిపోయింది. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత గుమ్మంలో ఉన్న పిల్లల్ని లోపలికి పిలిచి చాప పరిచారు. నా వైపు తిరిగి అన్నారు: “మళ్లీ మొదట్నుంచి పెట్టు. వీళ్లు చూళ్లేదు.”