నృత్యసంగీతము: నాటి రేడియో, నేటి రేడియో

నృత్యసంగీతమనగానే మన సంఘములలో పెద్దలు కొందరు కనుబొమలు ముడుచుట కద్దు. దావీదు మందసము నెదుట నాట్యమాడెను గదా యనినచో, అది వేరు, ఇది వేరు అందురు. ఆ వాదములోనికి మేమిపుడు దిగబోము. ఇంగ్లండు దేశమున రేడియో యీ సంగీతమును నూరేండ్లుగా నెట్లు నడపినదో కొన్ని మాసములుగా చదువుచు, దొరకిన పాత రికార్డులను వినుచు వచ్చితిమి. బిడ్డలను పెంచువారు యోచింపదగిన సంగతులు అందు కొన్ని కనబడినవి.

బి.బి.సి. 1922లో పుట్టినది. మరుసటి యేడే లండనులోని సవాయ్ హోటలు బ్యాండుల వాద్యమును ప్రసారము చేయ మొదలిడిరి. అచ్చట ధనికులు నృత్యమాడుచుండగా, ఆ హోటలు గడప తొక్కజాలని బీదవాడు తన యింట కూర్చుండి ఆ వాద్యమునే వినుచుండెడివాడు. 1928లో జాక్ పేన్ నాయకుడుగా బి.బి.సి. తనకే యొక నృత్యవాద్యబృందము నేర్పరచుకొనెను. 1932లో ఆ స్థానమునకు హెన్రీ హాల్ వచ్చెను. నాటి ప్రసారములలో వాయించుచుండగనే వినుట. తప్పు దొరలినచో దేశమంతయు వినవలసినదే. హాల్ గారి రికార్డులు వినునపుడు మమ్మాకర్షించినది వాని మితము. గాయకు డరవడు, పాట మూడు నిమిషములకు ముగియును. ఆనాటి రికార్డున నొక ప్రక్క అంతకంటె నెక్కువ పట్టదు. ఇరుకైన చోట ఇంపుగా కాపురము చేయుట యొక విద్యయే.

బి.బి.సి. తొలి యధిపతియగు జాన్ రీత్ స్కాట్లండు దేశపు పాదిరిగారి కుమారుడు. ఆదివారమున నృత్యసంగీతము కూడదని యాయన శాసనము. ఆ దినమంతయు ఆరాధనలు, ఉపన్యాసములు, గంభీరసంగీతము. ఫలమేమైనది? ఫ్రాన్సు తీరమునుండి రేడియో నార్మండీ 1931లోను, రేడియో లక్సెంబర్గు 1933లోను ఇంగ్లీషు ప్రసారములు మొదలిడగా, ఆదివారమున జనులు లక్షలకొలది అటు ముల్లు త్రిప్పిరి. వలదన్న పాట పొరుగింటినుండి వ్యాపారప్రకటనలతో కలిసి వినబడెను. మన దేశమునను ఇట్టిదే జరిగినది. 1952లో మంత్రి కేస్కర్ గారి కాలమున ఆకాశవాణిలో సినిమాపాటలు తగ్గింపబడగా, శ్రోతలు రేడియో సిలోనును పట్టుకొనిరి. వారిని మరల రప్పించుకొనుటకు 1957లో వివిధభారతిని స్థాపింపవలసివచ్చెను. రీత్ గారి భక్తిని మేము శంకింపము. ఆదివారమును గూర్చి మా యభిప్రాయము ఆయనకు దూరమును గాదు. కాని ఆరాధన ముగిసిన పిమ్మట, మధ్యాహ్నమంతయు ఇంట నుండు పదునారేండ్ల బాలునికి ఆయన యేమి యిచ్చెను?

యుద్ధకాలమున బి.బి.సి. వారే యీ సంగీతమును పనిలోనికి దింపిరి. 1940 జూనునుండి కర్మాగారములలోని శ్రామికులకొరకు దినమునకు రెండుమార్లు, అరగంట చొప్పున, ప్రత్యేకప్రసారము నడపిరి. యంత్రముల రొదలోను వినబడవలెనని ధ్వని ఒక్క తీరున నుండునట్లు చూచుకొనిరి. పనిచేయు చేతులకు మాంద్యము పుట్టించు పాటలను మానిరి. నిషేధించుటకంటె నిది యెంతయో తెలివైన పని. ఆ దినములలోనే, 1941 మార్చి 8వ తేదీ రాత్రి, బ్రిటిష్ గయానానుండి వచ్చిన కెన్ జాన్సన్ అను నల్లజాతి వాద్యనాయకుడు లండనులోని కఫే ద పారీలో తన బృందముతో నుండగా బాంబు పడి మరణించెను. ఆయనకు ఇరువదియారేండ్లు. రేడియోలో ఆయన వాద్యమును విన్నవారెందరో తెల్లవారి ఆ వార్త విని, స్వంతవానిని పోగొట్టుకొన్నట్లు దుఃఖించియుందురు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1964లో రేడియో కరోలైన్ వారు సముద్రమున ఓడ నిలిపి, అనుమతి లేకయే పాటలు ప్రసారము చేసిరి. 1967లో చట్టమువలన అట్టివానిని అణచి, ఆ యేడే బి.బి.సి. వారు రేడియో వన్ పెట్టిరి. కిస్ అను కేంద్రము 1985లో దొంగచాటుగా మొదలై 1990లో లైసెన్సుతో ప్రసారము మొదలిడెను. 2020లో కేవలము నృత్యసంగీతమునకే బి.బి.సి. ఇంటర్నెట్టున నొక ప్రసారము నేర్పరచెను. రీత్ గారి సంస్థయే!

నేటి యీ సంగీతమున వాద్యబృందము అరుదు. ఒక్కడు కూర్చుండి, నిమిషమునకు 120కి పైబడిన తాళములతో, ఒక పాట తోక మరియొక పాట తలకు అతుకు తెలియకుండ కలుపును. మొదట మాకు తలనొప్పి వచ్చెను. పిదప శ్రద్ధగా వినగా, ఆ యతుకు వేయుటలో చెవియు, ఓర్పును, లెక్కయు కలవని తెలిసినది. మాకు నిజముగా బాధ కలిగించునది వేరొకటి. పిల్లలు ఇపుడు రేడియో సయితము వినుట లేదు; ఫోనులోని గణితయంత్రము ఎన్నియిచ్చిన పాటను, ఎవరికివారు చెవులు మూసికొని వినుచున్నారు. పాడినదెవరని యడిగిన చెప్పలేరు. ప్రక్కవాడేమి వినుచున్నాడో యెరుగరు. నాటి శ్రోతకు బృందనాయకుని పేరైన తెలిసియుండెను.

కావున మా వసతిగృహమున ఈ సంవత్సరము పాటలను నిషేధింపలేదు. శనివారము సాయంకాలము అరగంటసేపు అందరును కూడి విందురు. వారమునకొక విద్యార్థి పాటల నెన్నుకొని, పాడినవారి పేరు, స్వరపరచినవారి పేరు, సంవత్సరము లేచి చెప్పవలెను. పేరు చెప్పలేని పాట వేయరాదు. ఇందులకు తలిదండ్రులు కొందరు అభ్యంతరము తెలిపిరి. వారు ఏ శనివారమైనను దయచేసి మాతో కూర్చుండి వినవచ్చును. ఆరున్నరకు ఆరంభము, ఏడింటికి ప్రార్థన గంట కొట్టుదురు.