చీటీ మీది రోగం పేరు

2023 వానకాలంలో నాకు టీబీ వచ్చింది. అప్పుడు కోరుట్లలో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేసేదాన్ని. మా ఆయనది సిరిసిల్ల, అక్కడే సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పని. నేను పాపతో కోరుట్లలో మా అవ్వ దగ్గర ఉండేదాన్ని. అవ్వ బీడీలు చేస్తుంది. తంబాకు ఘాటు నిండిన ఇంట్లో దగ్గితే ఎవరికి పట్టింపు? నా దగ్గునూ చాలా రోజులు ఎవరం లెక్కచేయలేదు.

జగిత్యాల సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష చేసి టీబీ అని తేల్చారు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు, అన్నీ ఉచితమే. మూత్రం ఎర్రగా వస్తే బెదరొద్దన్నారు. మందులు పడ్డాక రెండు వారాలకే, మామూలుగా, ఇంకొకరికి అంటడం చాలావరకు తగ్గిపోతుందని కూడా చెప్పారు. విశ్రాంతి కావాలని డాక్టరు రాసిచ్చిన చీటీలో రోగం పేరు పూర్తిగా ఉంది.

మా షాపులో సెలవు అడగాలంటే వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. నేను పెట్టలేదు. చీటీ కవర్లో పెట్టి మేనేజర్ చేతికిచ్చి, "సార్, మీరొక్కరే చూడుండ్రి" అన్నాను. సరేనమ్మా అన్నాడు. ఇల్లు చేరేసరికి చీటీ ఫొటో గ్రూపులో ఉంది. కింద ఒక ముక్క: "ఈమెకు టీబీ. కౌంటర్ దిక్కు పోకుండ్రి."

రాత్రికల్లా సిరిసిల్లలో మా అత్తమ్మకు తెలిసింది. తెల్లారి సాంచెల ఆసామి మా ఆయనను ఆపేశాడు, పరీక్ష కాగితం తెచ్చినాకనే రమ్మన్నాడు. సాంచెల కూలీ నేసిన బట్ట లెక్కన వస్తుంది. నేయని రోజు పైసల్లేవు. ఎక్స్‌రే బాగుంది, తెమడలో ఏమీ లేదు. అయినా పక్క సాంచెలవాళ్లు ఆయన గ్లాసు వేరుగా పెట్టారు. కోరుట్లలో అవ్వ బీడీ కట్టలను కార్ఖానాలో పక్కకు పెట్టించారు. టీబీ గాలిలో వస్తుంది, గ్లాసుతో రాదు, బీడీ కట్టతో రాదు. ఆ మాట చెప్పబోతే వినేవాళ్లే లేరు. అవ్వ నాతో ఏమీ అనలేదు. ఆకు కత్తిరిస్తూ ఏడ్చేది. నాకు రోగం కన్నా అదే బరువైంది.

మేనేజర్‌కు ఫోన్ చేశాను. "ఇంతమంది పనిచేసే జాగమ్మా, చెప్పకుంటే ఎట్ల?" అన్నాడు. ఆ ప్రశ్న తప్పు కాదు, కానీ దానికి జవాబు అంతకుముందే ఉంది. టీబీ తేలితే డాక్టరు ప్రభుత్వానికి తెలపాలన్న ఆదేశం 2012 నుంచి ఉంది. నా పేరు సర్కారు టీబీ నమోదు జాబితా నిక్షయ్‌లో ఎక్కింది. ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి అవ్వను, పాపను పరీక్షకు పంపింది. షాపులో వాళ్లకూ నా పేరెత్తకుండానే పరీక్షలు చేయిస్తానంది. ఎవరికి అంటిందో చూసే పని ఆమెది, వాట్సాప్ గ్రూపుది కాదు.

రోగి గుట్టు బయటపెట్టొద్దని డాక్టర్లకు 2002 నాటి నియమావళి ఉంది. హెచ్ఐవి ఉన్నవాళ్లకు 2017 చట్టం రక్షణగా ఉంది. టీబీ ఉన్నవాళ్లకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. డాక్టరు దాచిన మాటే మేనేజర్ చేతికి వచ్చేసరికి అంగడి మాట అవుతుంది.

జీతంలో ఈఎస్ఐ కోసేవారు కాబట్టి సెలవు రోజులకు 70 శాతం భత్యం వచ్చింది. ఏడాదికి 91 రోజుల దాకా అది ఇస్తారు. ఆ భత్యం తీసుకునే రోజుల్లో మనిషిని పనిలోంచి తీసేయొద్దని ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ చెప్పేది. మా మేనేజర్‌కు అది తెలుసనుకుంటాను. భత్యం ముగిసి ఫిట్‌నెస్ చీటీతో పోయిన రోజునే, "ఇంకో మనిషిని పెట్టుకున్నం" అన్నాడు.

మందులు పూర్తయ్యాయి, రోగం పోయింది. ఇప్పుడు వేరే చోట పనిచేస్తున్నాను.

మీరు సెలవు చీటీ రాయించుకునేటప్పుడు విశ్రాంతి ఎన్ని రోజులో రాస్తే చాలా అని డాక్టరును అడగండి. తిరిగి పనికి పోయేటప్పుడు ఫిట్‌నెస్ కాగితం ఎలాగూ ఇస్తారు. షాపు నడిపేవాళ్లకు నా మనవి ఒకటే: మనిషి ఎన్నాళ్లు రాడో అడగండి, ఎప్పుడొస్తాడో అడగండి. చీటీకి ఫొటో తీయకండి.