నీళ్ళు రాని ఏడు నీళ్ళలోకి

మా కాలవకి రెండో పంట నీళ్ళు రావని తేలిపోయిన రోజునే మా అమ్మాయి బెంగుళూరు నుంచి ఫోను చేసింది. “నాన్నా, ఫిబ్రవరిలో మీకు పనేం ఉండదు కదా, అండమాన్ వెళ్దాం. స్కూబా డైవింగ్ చేద్దాం” అంది. నీళ్ళు లేక చేతులు కట్టుకు కూర్చున్న రైతుని సముద్రంలో మునుగుదాం రమ్మని పిలవడం మా అమ్మాయికే చెల్లింది!

మాది రాయచూరు జిల్లా, సింధనూరు తాలూకాలో తుర్విహాళ దగ్గర ఒక క్యాంపు. తుంగభద్ర ఆనకట్ట 1953లో నీళ్ళిచ్చాక, ఎడమ కాలవ కింద ఈ నల్లరేగడిని నమ్ముకుని గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చాయి. అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ నాలుగైదెకరాలు కొనుక్కున్నవాళ్ళలో మా నాన్న ఒకడు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. పండిందా సోనా మసూరి, లేదా అప్పు. 2024 ఆగస్టులో ఆనకట్ట 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయిన రాత్రి మా క్యాంపులో ఎవరూ కంటిమీద కునుకెయ్యలేదు. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మేం నీళ్ళకోసం వచ్చి, నీళ్ళమీద బతుకుతున్నవాళ్ళం. అయినా నాకు ఈత రాదు.

రాకపోవడానికి కారణం ఉంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, పదమూడేళ్ళ మా అన్నయ్య ఎండాకాలం మధ్యాహ్నం ఒక్కడే కాలవలో దిగాడు. మళ్ళీ ఎక్కలేదు. ఆ తర్వాత మా అమ్మ నన్ను కాలవగట్టు ఎక్కనిచ్చేది కాదు. మడిలో మోకాలి లోతు నీళ్ళు, అంతవరకే నాకు అనుమతి. ఇప్పుడు నాకు యాభై నాలుగు, అమ్మకి ఎనభై రెండు. ఆ అనుమతి మాత్రం మారలేదు.

అందుకని అమ్మాయికి నేను వెంటనే “చూద్దాంలే” అన్నాను. మన ఇళ్ళల్లో చూద్దాంలే అంటే వద్దనే అర్థం. అది బెంగుళూరులో ఈత నేర్చుకుని, డైవింగ్‌లో ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ కూడా సంపాదించింది. దానికి ఆ అర్థం తెలియనట్టే నటించి వారం తిరక్కుండా ఒక కాగితం పంపింది. పైన “టూ బేస్ ప్లాన్” అని రాసుంది.

రెండు బేసులంటే ఏమిటంటే, సెలవంతా ఒక్కచోటే దిగకుండా రెండు దీవుల్లో మకాం పెట్టడం. మొదటిది స్వరాజ్ ద్వీప్, అంటే 2018 డిసెంబరు దాకా హేవలాక్ అని పిలిచింది. రెండోది షహీద్ ద్వీప్, పాత పేరు నీల్. విమానం దిగేది శ్రీ విజయపురంలో. మనకి పోర్ట్ బ్లెయిర్‌గా తెలిసిన ఊరికి 2024 సెప్టెంబరులో పెట్టిన పేరది. అక్కడినుంచి పెద్ద దీవికి ఓడలో రెండు గంటల లోపో, కాస్త అటూ ఇటూనో పడుతుంది. ఆ దీవి నుంచి రెండోదానికి గంట.

కాగితం చూసి మా ఆవిడ, “ఎనిమిది రాత్రుల భాగ్యానికి రెండు చోట్ల కాపురం ఎందుకే? పెట్టెలు సర్దడం, విప్పడం తప్ప!” అంది. మాట సబబే. ఊరు మారే రోజు సగం పూట ఓడల దగ్గరే సరిపోతుంది. కానీ అమ్మాయి లెక్క వేరు. పెద్ద దీవిలో నేర్పేవాళ్ళు ఎక్కువ, కొత్తవాళ్ళకి అనువైన లోతు తక్కువ చోట్లూ ఉన్నాయి. అంచేత మొదటి పాఠాలు అక్కడ. చిన్న దీవిలో జనం తక్కువ, పగడపు దిబ్బలు వేరు, సైకిలు మీద చుట్టెయ్యొచ్చు. అంచేత భయం తగ్గాక అక్కడికి. పైగా మధ్యలో ఓడెక్కే రోజు డైవింగ్ ఉండదు గనక ఒంటికి విశ్రాంతి. ఒకచోట గాలి ఎదురైతే రెండోచోటైనా కలిసొస్తుందేమో అనే ఆశ కూడా ఉంది. రెండో ఊళ్ళో మకాం పెట్టడం మాకేం కొత్త? మా నాన్నకి బతికినంతకాలం రెండు బేసులే. పండగకి గోదావరి, పంటకి తుంగభద్ర!

మా క్యాంపుకి చేపలు తెచ్చే బెంగాలీ పెద్దాయనతో ఈ మాట చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. సింధనూరు చుట్టుపక్కల వాళ్ళకీ క్యాంపులున్నాయి. ఒకప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కాందిశీకులకు ఇక్కడ భూములిచ్చారు. అలాంటి కుటుంబాలనే ప్రభుత్వం అండమాన్ దీవుల్లోనూ స్థిరపరిచింది. హేవలాక్‌లో గోవిందనగర్, రాధానగర్, కృష్ణానగర్, నీల్‌లో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, అన్నీ వాళ్ళ ఊళ్ళే. “మమ్మల్ని నల్లమట్టికి పంపారు, వాళ్ళని ఉప్పునీళ్ళకి పంపారు” అన్నాడాయన కన్నడంలో. మా క్యాంపులకి నంబర్లున్నట్టే హేవలాక్‌లో బీచ్‌లకీ నంబర్లున్నాయి. పేరుపడ్డ రాధానగర్ బీచ్ 7వ నంబరు. ఇక తెలుగు సంగతంటారా? 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు చాలామంది. ఇది విన్నాక మా ఆవిడకి సగం బెంగ తీరింది.

ఇక నా బెంగ. ఈత రానివాడు మునగొచ్చా? మునగొచ్చట. సర్టిఫికెట్ కావాలంటే 200 మీటర్లు ఈది, పది నిమిషాలు తేలి చూపించాలి. అదేం లేకుండా, పక్కనే శిక్షకుడు పట్టుకుని తీసుకెళ్ళే పరిచయ డైవ్ ఒకటుంది. దానికి 12 మీటర్లు దాటి వెళ్ళరు. మా అమ్మాయిలాంటి ఓపెన్ వాటర్ వాళ్ళకి హద్దు 18 మీటర్లు.

రైతుకి లెక్క అర్థమైతే భయం కాస్త తగ్గుతుంది. అందుకని అమ్మాయి చేత ఫోనులో పాఠం చెప్పించుకున్నాను. ప్రతి 10 మీటర్ల నీటికి ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. అంటే 10 మీటర్ల దగ్గర మన పైన ఉన్నది గట్టుమీదకన్నా రెట్టింపు. అక్కడ పీల్చే ప్రతి ఊపిరికీ రెట్టింపు గాలి ఖర్చు. 12 లీటర్ల సిలిండర్లో 200 బార్ ఒత్తిడితో నింపితే 2,400 లీటర్ల గాలి. గట్టుమీద నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు 10 మీటర్ల లోతులో 40 లీటర్లు వాడతాడు. మొత్తం వాడితే గంట, పావు వంతు మిగుల్చుకుని పైకి రావాలి గనక ముప్పావు గంట. కంగారుపడ్డవాడికి ఇంకా తక్కువ. ఇదంతా వంతు నీళ్ళ లెక్కలాగే అనిపించింది. ఎంత ఉందో చూసుకో, ఎంత పారిందో చూసుకో, కిందివాడికి మిగుల్చు. ఇక వీపున సిలిండరంటారా, మందు కొట్టే స్ప్రేయరు మోసిన వీపే కదా!

ప్రాణం మీదికి వచ్చే సూత్రం ఒకటే. నీళ్ళలో ఊపిరి బిగబట్టకూడదు. కింద నిండుగా పీల్చిన గాలి, పైకొస్తున్నకొద్దీ ఉబ్బుతుంది. బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మునక అంటే ఊపిరి బిగబట్టడమే అనుకుని ఇన్నేళ్ళు బతికినవాడిని, ఈ ఒక్కమాట వంటబట్టించుకోవడానికి నాకు నెల పట్టింది. నెమ్మదిగా పైకి రావడానికి ఇంకో కారణం నైట్రోజన్. ఒత్తిడిలో అది రక్తంలో కరుగుతుంది. గోలీసోడా గోలీ నొక్కితే బుసబుస పొంగినట్టు, ఒక్కసారిగా పైకొస్తే ఒంట్లో బుడగలు కడుతుంది. అందుకే 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి వస్తారు.

ఆ నైట్రోజన్ మిగులు వల్లే డైవింగ్ అయిన వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా చేస్తే 18 గంటలు గడవాలి. 24 గంటలైతే మరీ మంచిది. ఇక్కడే నేను మా అమ్మాయి తప్పు పట్టాను! దాని కాగితంలో ఆఖరి డైవ్ నుంచి మధ్యాహ్నం మూడింటికి పైకి తేలి, సాయంత్రం ఓడ పట్టుకుని, మర్నాడు పొద్దున్న ఏడున్నరకి విమానం ఎక్కాలని ఉంది. వేళ్ళమీద లెక్కపెట్టి, “ఎన్ని గంటలమ్మా?” అన్నాను. పదహారున్నర. ఫోనులో కాసేపు మాట లేదు. “సెలవు ఇంకో రోజు అడుగుతాను నాన్నా” అంది.

అలా తేలిన ప్లాను ఇది. మొదటి రాత్రి శ్రీ విజయపురం. తర్వాత నాలుగు రాత్రులు స్వరాజ్ ద్వీప్. వెళ్ళిన రోజు ఊరికే, మర్నాడు లోతు తక్కువ నీళ్ళలో నా మొదటి పాఠం, అమ్మాయికి పడవ డైవ్‌లు, ఒకరోజు పూర్తి విశ్రాంతి. తర్వాత రెండు రాత్రులు షహీద్ ద్వీప్. అక్కడ ఒకే ఒక్క పొద్దుటి పూట డైవ్, అందరికీ అదే ఆఖరు. మర్నాడు ఓడలో వెనక్కి, ఒక రాత్రి శ్రీ విజయపురంలో, ఆ తర్వాత విమానం. నైరుతి వానల కాలంలో సముద్రం బాగుండదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల భయం, అంచేత జనవరి నుంచి ఏప్రిల్ లోపు మేలు. ఓడ టిక్కెట్లు ముందే తీసుకోవాలి, గాలివానొస్తే ఓడలు ఆగిపోవచ్చు గనక ఒక పూట చేతిలో ఉంచుకోవాలి. జలుబుంటే మునక్కూడదు, చెవులు తెరుచుకోవు. రక్తపోటుకి మాత్ర వేసుకునేవాణ్ణి గనక డాక్టరు పరీక్ష చేసి సంతకం పెట్టాల్సొచ్చింది. మీసం ఉన్నవాళ్ళకి మాస్కులో నీళ్ళు కారుతాయట. ముప్ఫై ఏళ్ళ మీసం, కాస్త పైన కత్తిరిస్తే చాలని అభయమిచ్చారు!

ఇన్ని కుదిరాయిగానీ అసలు పని మిగిలిపోయింది. అమ్మకి చెప్పలేదు. “అండమాన్ చూసొస్తాం, జైలూ అదీ” అని మాత్రం అన్నాను. మేం వచ్చేదాకా మా చెల్లెలింట్లో ఉండడానికి ఒప్పుకుంది. “గవ్వొకటి తెచ్చిపెట్టరా, దేవుడి దగ్గర పెట్టుకుంటాను” అంది. అక్కడ గవ్వలూ పగడాలూ ఏరుకురావడం నేరమని చెప్పాను. పగడం రాయి కాదనీ, ప్రాణులు కట్టుకున్న ఇల్లనీ, చేత్తో తాకినా దెబ్బతింటుందనీ చెప్పాను. “అయితే వద్దులే, ఎవరిల్లో ఎందుకు?” అంది. ఆ మాటకి నాకు సిగ్గేసింది. ఇంత చెప్పి అసలు సంగతి దాచాను కదా.

ఆ రాత్రి అరుగుమీద కూర్చుని చెప్పేశాను. నీళ్ళలోపలికి దిగుతానని, ఎంత లోతో, ఎంతసేపో, అంతా. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. ఎదురుగా కాలవ ఎండి ఉంది. చివరికి, “ఏరా, ఒక్కడివే దిగుతావా?” అంది.

“లేదమ్మా. ఒక్కళ్ళని దిగనివ్వరు. ఎంత వచ్చినవాళ్ళైనా జంటగా దిగాలి, ఒకళ్ళనొకళ్ళు చూసుకోవాలి. అది మొదటి రూలు. నన్నైతే నేర్పే అతను పట్టుకునే ఉంటాడు. పక్కన నీ మనవరాలుంటుంది.”

“మొదటి రూలా?” అని అడిగింది. అవునన్నాను. “వాడికి ఎవరూ చెప్పలేదు” అంది. నలభై అయిదేళ్ళలో అమ్మ అన్నయ్య గురించి నా ఎదుట మాట్లాడింది అదే మొదటిసారి. తర్వాత అన్నయ్య గురించే చెప్పింది. వాడికి చేపల పులుసంటే ఎంత ఇష్టమో, నన్ను భుజాన వేసుకుని ఎలా తిప్పేవాడో, నాకు తెలియనివెన్నో చెప్పింది. పడుకోబోతూ, “దిగితే దిగావుగానీ, పైకొచ్చాక ముందు నాకు ఫోను చెయ్యి” అంది.

మా ప్లాను కాగితంలో ఆ వాక్యం కూడా చేర్చాం. స్వరాజ్ ద్వీప్, మూడో రోజు, మొదటి డైవ్ అవగానే నానమ్మకి ఫోను. టిక్కెట్లు వచ్చాయి. బెంగుళూరు వెళ్ళినప్పుడు ఈతకొలనులో మొహం ముంచి ఊపిరి వదలడం నేర్చుకున్నాను. మొదటిసారి నాలుగు లెక్కపెట్టేలోపు లేచిపోయాను, పదో రోజుకి నలభై దాకా వచ్చింది.

పాఠక మిత్రుల్లో ఎవరైనా పిల్లల బలవంతం మీద ఇలాంటి ప్రయాణానికి సిద్ధమవుతుంటే మా లెక్కలు పనికొస్తాయని రాశాను. రెండు దీవులా, ఒకటా అన్నది మీ ఓపికని బట్టి. విమానానికి ముందు ఒక రోజు ఖాళీ మాత్రం తప్పనిసరి. ఇంట్లో పెద్దవాళ్ళకి దాచకుండా చెప్పడమూ తప్పనిసరే. ఇక చేపల సంగతంటారా, వెళ్ళొచ్చాక అమ్మకి చెప్పి, ఆ తర్వాత మీకు చెబుతాను.