రాగమే పేరైన ఊరు

షిల్లాంగ్‌కు దక్షిణంగా సుమారు 60 కి.మీ. దూరంలో, లోయ అంచున ఉంటుంది కాంగ్‌థాంగ్. చెట్ల మధ్య నుంచి వినిపించేది పిట్టకూత కావొచ్చు, ఏ తల్లో పిల్లాణ్ని అన్నానికి పిలుస్తూ ఉండొచ్చు. కొత్తవాళ్లకు తేడా తెలియదు.

మేఘాలయలోని ఈ ఖాసీ గ్రామంలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. ఒకటి బడి రిజిస్టరులోది, ఓటరు జాబితాలోది. రెండోది మాటల్లేని బాణీ. బిడ్డ పుట్టాక తల్లి కూనిరాగం తీస్తూ కట్టేది. ఒకరిది మరొకరికి ఉండదు. దీన్ని ‘జింగ్‌ర్వాయ్ యావ్‌బెయ్’ అంటారు. వంశానికి మూలమైన ఆదిమాత పాట అని స్థూలంగా అర్థం. వంశం తల్లి పేరిట సాగే సమాజం కదా మరి.

ఇంట్లో పిలవడానికి బాణీలో చిన్న ముక్క చాలు. అడవిలోనో, కొండచీపురు కోసే వాలు మీదో ఉన్నవాళ్లకైతే దాదాపు అరనిమిషం సాగే పూర్తి బాణీ కావాలి. అందులో గట్టి తర్కమే ఉంది. దూరం పెరిగేకొద్దీ హల్లులు గాలిలో కలిసిపోతాయి. స్వరంలోని ఎత్తుపల్లాలు మిగులుతాయి. తెలుగు పల్లెల్లో పొలంగట్టు మీంచి కేకేసేవాళ్లు పేరు చివరి అచ్చును సాగదీసేదీ అందుకే. కాంగ్‌థాంగ్ హల్లులను పూర్తిగానే వదిలేసింది. పైగా ఖాసీ, చైనీస్‌లా స్వరస్థాయిని బట్టి పదం అర్థం మారే భాషేమీ కాదు. గ్రామస్తులు చెప్పే కారణం వేరు: అడవిలో పేరు పెట్టి పిలిస్తే దుష్టశక్తులు వింటాయట.

అన్నిటికన్నా ఆసక్తికరమైన విషయం మరోటుంది. తల్లికి కోపమొస్తే బాణీ ఉండదు, అసలు పేరుతోనే పిలుస్తుంది. మిగతా చోట్ల కోపం గొంతు మారడంలో తెలుస్తుంది. ఇక్కడ రాగం మాయమవడంలో.

ఊరికి 2000లో కరెంటు, 2013లో మట్టిరోడ్డు వచ్చాయి. వాటి వెంటే సెల్‌ఫోన్లు, హిందీ సినిమా పాటలూ వచ్చాయి. కొత్త తల్లులు కట్టే బాణీల్లో బాలీవుడ్ ఛాయలు కనిపించసాగాయి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ‘ఉత్తమ పర్యాటక గ్రామాల’ ఎంపికకు భారత్ పంపిన మూడు పేర్లలో కాంగ్‌థాంగ్ ఒకటి. గుర్తింపు మాత్రం తెలంగాణలోని పోచంపల్లికి దక్కింది. పోచంపల్లి చీరను మడిచి ఇంటికి తెచ్చుకోవచ్చు. కాంగ్‌థాంగ్ బాణీ అలాంటి సరుకు కాదు. పర్యాటకులు రికార్డు చేసుకున్నా వాళ్ల ఫోన్లో ఉండేది పాటే తప్ప పిలుపు కాదు.

ఊళ్లో దాదాపు 700 మంది ఉంటారు. బతికున్న బాణీలూ దాదాపు అన్నే. మనిషి పోతే ఆ బాణీని మరొకరికి పెట్టరు. కొత్తది రావాలంటే ఊళ్లో మరో బిడ్డ పుట్టాలి, ఆ తల్లి కూనిరాగం తీయాలి.